జఠరాగ్ని ఎక్కడ మండుతుంది?

ఆకలిని తెలుగువారు మొదటినుంచీ మంటగానే ఊహించుకున్నారు. ఆకలి మంట అంటాం. పేగులు మాడుతున్నాయంటాం. కడుపు కాలినవాడి బాధ కడుపు నిండినవాడికేం తెలుసంటాం. కాస్త గ్రాంథికంగా చెప్పదలచుకుంటే జఠరాగ్ని అంటాం. తిన్న అన్నం లోపల పచనమవుతుందని ఆయుర్వేదం చెప్పింది. పచనమంటే వండటమే కదా! వంట ఉన్నచోట పొయ్యి ఉండాలి, పొయ్యి ఉన్నచోట నిప్పుండాలి. ఈ ఊహ మన సొత్తు మాత్రమే కాదు. ప్రాణి వెచ్చదనానికి గుండె ఆకరమనీ, ఊపిరి ఆ వేడిని చల్లార్చడానికే ఉందనీ ప్రాచీన గ్రీకు వైద్యులు నమ్మారు.

ఊహ బాగానే ఉంది. ఐతే రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి. ఆ మంట దేహంలో సరిగ్గా ఎక్కడ మండుతోంది? మండుతుంటే మనం కాలిపోమేం? పిడికెడు చక్కెరను నిప్పులో వేస్తే భగ్గున మండి మసి మిగులుతుంది. అదే చక్కెర పానకంగా తాగితే ఒంట్లో వెచ్చదనం 37 డిగ్రీలు దాటదు, పైపెచ్చు పని చేసే సత్తువ వస్తుంది. ఈ రెండు ప్రశ్నలకూ సంతృప్తికరమైన సమాధానం దొరకడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ రెండు వందల ఏళ్ళ నడుమ, కథ మలుపు తిరిగే చోట, భీమవరంలో పుట్టిన ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

ఆయన పేరు మనకు తెలియనిది కాదు. యల్లాప్రగడ సుబ్బారావు. ఐతే మనం ఆయన కథనూ, కణశ్వాసక్రియ కథనూ విడివిడిగా చెప్పుకుంటాం. జీవశాస్త్రం పాఠంలో ఏటీపీ అన్న మూడక్షరాలు వస్తాయి, వాటి వెనుక మనుషులు కనబడరు. సుబ్బారావుగారి గురించిన వ్యాసాల్లో ఆయన పేరూ, కనిపెట్టిన మందుల జాబితా వస్తాయి, ఆయన చూసిందేమిటో, అది ఎందుకంత గొప్పదో రాదు. ఈ రెంటినీ ఒకచోట కలిపి చెప్పాలన్నదే నా ప్రయత్నం.

పారిస్‌లో మంచు

1782-83 చలికాలం. పారిస్‌లో ఆంటోనీ లెవోయిజర్, గణితవేత్త లాప్లాస్ కలిసి ఒక విచిత్రమైన పాత్ర చేయించారు. పాత్రలో పాత్ర, అందులో మరో పాత్ర. అన్నిటికంటే లోపల ఒక బుట్ట, దాని చుట్టూ మంచు, ఆ మంచుకు బయటి వేడి తగలకుండా మరో పొర మంచు. బుట్టలో ఒక గినీ పందిని కూర్చోబెట్టారు. దాని ఒంటి వేడికి లోపలి మంచు ఎంత కరిగితే అంత నీరు అడుగునున్న గొట్టంగుండా బయటకు వస్తుంది. ఆ నీటిని తూచితే ప్రాణి వేడిని తూచినట్టే.

పది గంటల్లో సుమారు 13 ఔన్సుల మంచు కరిగింది. ఆ వ్యవధిలో అది విడిచే బొగ్గుపులుసు వాయువు ఎంతో వేరే ప్రయోగంలో కొలిచారు. అంత వాయువు రావడానికి ఎంత బొగ్గు మండాలో, ఆ బొగ్గు ఎంత మంచును కరిగిస్తుందో లెక్కగట్టారు. పదిన్నర ఔన్సులకు కాస్త తక్కువగా తేలింది. అంకెలు అచ్చంగా సరిపోకపోయినా చాలా దగ్గరగా వచ్చాయి. ప్రాణుల శ్వాస నెమ్మదిగా జరిగే దహనమేననీ, కొవ్వొత్తి మండటానికీ మనం ఊపిరి తీయడానికీ మూలంలో భేదం లేదనీ వారు నిర్ణయించారు. మానవుడు అంతవరకు ఉపమానంగా చెప్పుకున్న జఠరాగ్ని ఆ రోజు తక్కెడలో పడి తూకానికి వచ్చింది.

ఆ మిగిలిన రెండున్నర ఔన్సుల తేడా మాటేమిటి? మంచులో కూర్చున్న ప్రాణి కాళ్ళూ చేతులూ చల్లబడటం ఒక కారణమని లెవోయిజర్ అప్పుడే అన్నాడు. తరువాత మరో కారణం కూడా గ్రహించాడు. ఆహారంలో కర్బనం మాత్రమే కాదు, హైడ్రోజన్ కూడా ఉంది. అది కూడా ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది, ఆ కలయికలోనూ వేడి పుడుతుంది. ఈ చిన్న సంగతిని చదువరులు గుర్తుంచుకోవాలని మనవి. రాబోయే కథంతా ఇలా లెక్క కుదరని చోట్లనుంచే ముందుకు నడుస్తుంది.

1794 మే 8న విప్లవ ప్రభుత్వం లెవోయిజర్ తల నరికించింది. పొయ్యి ఊపిరితిత్తుల్లోనే ఉందన్న భావన ఆయన రచనల్లో అలాగే ఉండిపోయింది.

పొయ్యి చిరునామా

ఆయన బతికుండగానే మరో గొప్ప గణితవేత్త లాగ్రాంజ్ ఒక అభ్యంతరం లేవదీశాడు. దేహంలోని వేడంతా ఊపిరితిత్తుల్లోనే పుడితే అవి ఎన్నడో మాడిపోవలసింది కదా! కాబట్టి దహనం రక్తంతోబాటు ఒళ్ళంతా జరుగుతూండాలి. మాట సబబుగానే ఉంది, రుజువు కావాలి. ఇటలీలో స్పాలంజానీ దేహం నుంచి వేరుచేసిన కండరాలూ ఇతర అవయవాలూ కూడా ప్రాణవాయువును పీల్చుకుంటాయని చూపాడు. ఆయన చనిపోయాక 1803లో ఆ రచన అచ్చయింది. 1837లో బెర్లిన్‌లో గుస్టావ్ మాగ్నస్ ధమనుల రక్తంలోనూ సిరల రక్తంలోనూ ఉన్న వాయువులను కొలిచాడు. ఊపిరితిత్తులు ఇచ్చిపుచ్చుకునే సంత మాత్రమే, మంట అక్కడ లేదని తేలింది.

మరి రక్తంలో ఉందా? దీనికి జవాబు 1870 దశకంలో జర్మనీలో ఫ్లూగర్ ప్రయోగశాలనుంచి వచ్చింది. ఒక కప్ప రక్తాన్నంతా తీసేసి, దాని స్థానంలో ఉప్పునీరు ఎక్కించారు. స్వచ్ఛమైన ప్రాణవాయువులో ఉంచిన ఆ ఉప్పునీటి కప్ప, రక్తమున్న కప్పతో సమానంగానే ప్రాణవాయువును వాడుకుంటూ వచ్చింది! అంటే రక్తం వట్టి మోతగాడు. వాడుక కణాలది. శ్వాస అన్న మాటకు అప్పటినుంచి రెండు అర్థాలు ఏర్పడ్డాయి. ముక్కుతో పీల్చేది ఒకటి, కణం లోపల జరిగేది మరొకటి. తెలుగు మాధ్యమంలో చదువుకున్న నాబోటివారు ఉచ్ఛ్వాస నిశ్వాసాలను ఒక పాఠంలోనూ, కణశ్వాసక్రియను మరో పాఠంలోనూ చదివింది ఇందువల్లనే.

చిరునామా దొరికింది గానీ చిక్కు ఇంకా పెద్దదయింది. ఆవిరి యంత్రం వేడిని పనిగా మార్చాలంటే ఒకవైపు బాగా వేడిగానూ, మరోవైపు చల్లగానూ ఉండాలి. కండరం కూడా అలాంటి యంత్రమే ఐతే అందులో ఎక్కడో ఒకచోట నీరు మరిగేటంత వేడి ఉండి తీరాలని అడాల్ఫ్ ఫిక్ లెక్కగట్టి చూపాడు. అలాంటి వేడి కణంలో ఎక్కడా లేదు. కాబట్టి కణం అన్నాన్ని కాల్చి ఆ వేడితో పని చేయడం లేదు. అన్నంలోని శక్తి వేడి రూపం దాల్చకుండానే మరేదో రూపంలో పనికి చేరుతోంది. ఏమిటా రూపం?

మాయమైన ఫాస్ఫేటు

1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో కలిపి నూరి, పిండి, రసం తీశాడు. ఆ రసం పాడవకుండా ఉండటానికి చక్కెర కలిపితే అది పొంగి బుడగలు వేయసాగింది. ప్రాణమున్న కణం లేకుండానే చక్కెర పులిసింది! జీవక్రియకు జీవమే అక్కరలేదా అని శాస్త్రలోకం విస్తుపోయింది. కణాన్ని పగలగొట్టి, అందులోని పనిని గాజు గొట్టంలో చూడవచ్చునన్న ధైర్యం అక్కడ పుట్టింది. 1907లో బుక్నర్‌కు నోబెల్ వచ్చింది.

లండన్‌లో హార్డెన్, యంగ్ అన్న ఇద్దరు ఆ రసంతోనే పని చేస్తూ ఒక వింత గమనించారు. కొంతసేపటికి పులియడం మందగిస్తుంది. కాస్త ఫాస్ఫేటు కలిపితే మళ్ళీ జోరందుకుంటుంది. ఐతే కలిపిన ఫాస్ఫేటు తరువాత వెతికితే కనబడదు! 1906 ప్రాంతంలో వాళ్ళు దాని ఆచూకీ కనిపెట్టారు. అది చక్కెరతో ముడిపడి కూర్చుంది. భాస్వరానికీ ప్రాణశక్తికీ ఏదో బంధుత్వముందని తెలిసిన తొలి సందర్భం ఇదే. ఆ బంధుత్వమేమిటో మాత్రం అప్పుడెవరికీ అంతుబట్టలేదు.

మరోవైపు కండరాల పరిశోధకులందరూ లాక్టిక్ ఆమ్లం వెంట పడ్డారు. పని చేసిన కండరంలో ఆ ఆమ్లం పేరుకుంటుందని 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ చూపారు. కండరం ముడుచుకోవడానికి కారణం ఈ ఆమ్లమేనన్న సిద్ధాంతం స్థిరపడింది. దానికి సంబంధించిన కొలతలకే మేయర్‌హాఫ్, హిల్ ఇద్దరికీ 1922 నోబెల్ బహుమతి దక్కింది. సరిగ్గా ఆ 1922లోనే మన సుబ్బారావుగారు బోస్టన్‌లో అడుగుపెట్టారు.

ఆలస్యంగా వచ్చిన నీలం

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు వేసుకుని వెళ్ళడం ఆచార్యుడికి నచ్చలేదు. ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా కాక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ అన్న జబ్బు పొట్టన పెట్టుకుంది. ఎంత తిన్నా ఒంటబట్టకుండా పేగులే ఆహారాన్ని తిరస్కరించే వ్యాధి అది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిళ్ళు చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో చదివారు. తరువాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకు కుదిరారు.

వారికి అప్పగించిన పని పైకి చూస్తే చాలా సాదాసీదాది. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫేటు ఎంతుందో సులువుగా కొలిచే పద్ధతి కావాలి. ఆమ్లంలో మాలిబ్డేటు కలిపితే అది ఫాస్ఫేటుతో జతకడుతుంది. దానికి సరైన క్షయకరణి చేరిస్తే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదురైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నిత్యకృత్యంగా నిలిచింది. ఒక శాస్త్రవేత్త పేరు చిరస్థాయిగా ఉండటానికి ఇదొక్కటే చాలు. అసలు కథ ఆ తరువాత మొదలవుతుంది.

ఈ పద్ధతితో కండరాల రసాన్ని పరీక్షిస్తే నీలం వెంటనే పూర్తిగా రాదు. మొదట లేతగా వచ్చి, తరువాత నింపాదిగా ముదురుతూ పోతుంది. మామూలు ఫాస్ఫేటు ఐతే అలా ఆలస్యం చేయదు. మరొకరైతే తుది రంగునే పుస్తకంలో రాసుకుని మరో గొట్టం అందుకునేవారేమో. కండరంలో ఏదో మలినం అడ్డుపడిందని సరిపెట్టుకున్నా అడిగేవారు లేరు. ఈ ఇద్దరూ ఆ ఆలస్యం దగ్గరే ఆగారు. ఫాస్ఫేటు ముందునుంచీ విడిగా లేదనీ, మరో పదార్థంతో ముడిపడి ఉందనీ, గొట్టంలోని ఆమ్లంలో ఆ ముడి మెల్లగా విడిపోతూంటే నీలం మెల్లగా ముదురుతోందనీ గ్రహించారు. ముడిపడిన ఆ రెండో పదార్థం క్రియాటిన్. కండరం పని చేస్తే ముడి విడిపోతుంది, విశ్రమిస్తే తిరిగి పడుతుంది. 1927లో సైన్స్ పత్రికలో వెలువడిన వారి వ్యాసం శీర్షికలో అకర్బన ఫాస్ఫేటు అన్న మాటకు ఉటంకింపు గుర్తులు పెట్టారు. మీరందరూ ఇన్నాళ్ళూ అకర్బనమని కొలిచింది అది కానే కాదన్న సూచన ఆ రెండు గుర్తుల్లో ఉంది! అదే ఏడు లండన్‌లో ఎగ్లెటన్ దంపతులు కూడా అస్థిరమైన ఈ ఫాస్ఫేటు జాడ పట్టి దానికి ఫాస్ఫజెన్ అని పేరు పెట్టారు.

ఇక 1929. కండరాల రసంనుంచే ఎడినిన్, ఒక చక్కెర, మూడు ఫాస్ఫేట్లు గొలుసుగా ఉన్న మరో పదార్థం బయటపడింది. జర్మనీలో మేయర్‌హాఫ్ దగ్గర పని చేసే కార్ల్ లోమాన్ ఆగస్టులో ప్రకటించాడు. స్వతంత్రంగా అదే పదార్థాన్ని వేరుచేసిన ఫిస్కే, సుబ్బారావుల వ్యాసం అక్టోబరులో వెలువడింది. దాని పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ముద్దుపేరు ఏటీపీ.

మరుసటి ఏడు కోపెన్‌హాగెన్‌లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం సిద్ధాంతాన్ని కూలదోశాడు. అయొడోఎసిటిక్ ఆమ్లమనే విషమిచ్చిన కండరంలో లాక్టిక్ ఆమ్లం చుక్క కూడా పుట్టదు. ఐనా ఆ కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉంది. ముడుచుకున్న మేరకు అందులో తరిగింది క్రియాటిన్ ఫాస్ఫేటు! తాను బహుమతి పొందిన సిద్ధాంతమే కూలుతుంటే హిల్ దాన్ని దాచిపెట్టలేదు. కండర శాస్త్రంలో వచ్చిన విప్లవమని శీర్షిక పెట్టి 1932లో తానే వ్యాసం రాశాడు. అలాంటి పెద్దరికం అరుదు.

చిల్లర

ఇంతకీ ఏటీపీ చేసే పనేమిటి? 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ రాసిన సుదీర్ఘ వ్యాసం దీన్ని తేటతెల్లం చేసింది. అందులోని విషయాన్ని నా మాటల్లో చెబుతాను. సంతలో కొత్తిమీర కట్ట కొని అయిదు వందల నోటిస్తే ఏమవుతుంది? చిల్లర లేదు పొమ్మంటారు. చక్కెర అణువు అలాంటి పెద్ద నోటు. దానిలోని శక్తినంతా ఒక్కసారిగా విడుదల చేస్తే కణంలో దాన్ని వాడుకోగల నాథుడు లేడు, అది వేడిగా వృథా అవుతుంది. అందుకని కణం ఆ నోటును ముందు చిల్లరగా మార్చుకుంటుంది. ఆ చిల్లర నాణెమే ఏటీపీ. చివరి ఫాస్ఫేటు ఊడినప్పుడు ఒక చిన్న పనికి సరిపడే శక్తి దొరుకుతుంది. కండరం ముడవాలన్నా, నరం వెంట కబురు పోవాలన్నా, కొత్త మాంసకృత్తు అల్లాలన్నా అన్ని అంగళ్ళలోనూ చెల్లేది ఈ నాణెమే. బాక్టీరియాలోనూ మర్రిచెట్టులోనూ మనిషిలోనూ ఇదే చెలామణి.

ఒక చక్కెర అణువు పూర్తిగా ఖర్చయితే సుమారు 30 ఏటీపీలు వస్తాయని నేటి లెక్క. పాత పాఠ్యపుస్తకాలు 36 అనో 38 అనో చెప్పేవి. చక్కెరలోని శక్తిలో మూడోవంతుకు పైగా ఇలా చిల్లరగా దక్కుతుంది. మిగిలినది వేడి. మన ఒంటి వెచ్చదనం అదే. అంటే లెవోయిజర్ తూచింది మార్పిడిలో జారిపోయిన శక్తితోబాటు, చిల్లర ఖర్చయ్యాక చివరికి వేడిగా మిగిలినదాన్ని కూడా. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండే ఏటీపీ రెండు మూడు వందల గ్రాములకు మించదు. ఐతే అదే నాణెం రోజంతా విడిపోతూ తిరిగి కూడుతూ ఉంటుంది. అలా చేతులు మారిన మొత్తాన్ని కూడితే రోజుకు మన ఒంటి బరువంత అవుతుంది!

ప్రాణవాయువు ఎక్కడ ఖర్చవుతుంది?

చిల్లర సంగతి తేలింది. మరి మనం పీల్చే ప్రాణవాయువు పాత్ర ఏమిటి? ఇది రెండో పాయ. ఇంగ్లండులో మాక్‌మన్ అనే వైద్యుడు 1880 దశకంలో వర్ణపటదర్శినితో కండరాలను పరిశీలించి, వాటిలో ఇనుముతో కూడిన ఒక కొత్త రంగుద్రవ్యం ఉందన్నాడు. జర్మనీలో ఆ రంగంలో పెద్దదిక్కైన హొప్పె-జైలర్ దాన్ని కొట్టిపారేశాడు. మాక్‌మన్ 1911లో కన్నుమూశాడు. 1925లో కేంబ్రిడ్జిలో డేవిడ్ కీలిన్ కీటకాల రెక్కల కండరాల్లోనూ, ఈస్టులోనూ ఆ నల్లని చారలనే మళ్ళీ చూశాడు. ఈస్టు నీటిని గాలితో కుదిపితే చారలు మాయమవుతాయి. కాసేపు కదపకుండా ఉంచితే తిరిగి ప్రత్యక్షమవుతాయి. ప్రాణమున్న కణం శ్వాసించడాన్ని మనిషి కంటితో చూసిన క్షణం అది. కీలిన్ వాటికి సైటోక్రోములని పేరు పెట్టి, మాక్‌మన్‌కు దక్కవలసిన గౌరవాన్ని పేరుపేరునా చెల్లించాడు.

ఆహారంనుంచి తీసిన ఎలక్ట్రాన్లను ఈ సైటోక్రోములు ఒకదానికొకటి అందించుకుంటూ పోయి, చివరికి ప్రాణవాయువు చేతిలో పెడతాయి. అది హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. సయనైడు సరిగ్గా ఈ ఆఖరి మెట్టునే మూసేస్తుంది. సయనైడు తిన్నవాడి రక్తంలో ప్రాణవాయువు నిండుగానే ఉంటుంది, సిరల్లో రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. వాడుకునే దారి లేక కణాలు చచ్చిపోతాయి. ఊపిరి వేరు, కణశ్వాస వేరు అనడానికి ఇంతకన్న కఠోరమైన సాక్ష్యం లేదు.

ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడనుంచి వస్తాయో చూపినవాడు హాన్స్ క్రెబ్స్. యూదుడన్న నెపంతో 1933లో నాజీలు ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంగ్లండు చేరాడు. షెఫీల్డులో పావురం రొమ్ము కండరంతో పని చేస్తూ, చక్కెర తునకలు ఒక చక్రంలో తిరుగుతూ మెట్టుమెట్టుగా విడిపోతాయని 1937లో తేల్చాడు. తమ దగ్గర అచ్చుకు వేచి ఉన్న లేఖలు చాలా ఉన్నాయంటూ నేచర్ పత్రిక ఆ చిన్న వ్యాసాన్ని తిప్పి పంపింది. మరో పత్రికలో అచ్చయిన అదే పనికి 1953లో నోబెల్ వచ్చింది. ఆ ఏటి బహుమతిని పంచుకున్నవాడు చిల్లర లెక్క చెప్పిన లిప్మన్.

1948లో కెనెడీ, లెనింజర్ ఈ రెండో పాయ పనంతా కణంలోని మైటోకాండ్రియాలో జరుగుతుందని చూపారు. మన పాఠ్యపుస్తకాల్లో శక్త్యాగారాలుగా వర్ణించినవి ఇవే. పొయ్యి పూర్తి చిరునామా దొరకడానికి లెవోయిజర్ మంచు పాత్ర తరువాత 165 ఏళ్ళు పట్టింది.

ఆనకట్ట

ఒక్క ముడి మిగిలింది. ఎలక్ట్రాన్లు చేతులు మారితే ఏటీపీ ఎలా తయారవుతుంది? రెంటి నడుమ ఏదో మధ్యవర్తి పదార్థం ఉండి తీరాలని మహామహులు వెతికారు. సంవత్సరాలు గడిచినా అది దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ అందరినీ నివ్వెరపరిచే మాట ఒకటి అన్నాడు. అలాంటి పదార్థం లేదు కాబట్టే దొరకలేదని!

ఆయన చెప్పిన వ్యవస్థ గోదావరి జిల్లాలవారికి సులభంగా బోధపడుతుంది. ఎలక్ట్రాన్లు మెట్లు దిగుతూ విడిచే శక్తితో మైటోకాండ్రియా లోపలి పొర ప్రోటాన్లను అవతలికి తోడిపోస్తుంది. ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్టు అవి ఒకవైపు పేరుకుంటాయి. ఆ ప్రోటాన్లు ఒకే ఒక్క తూముగుండా తిరిగి లోపలికి దూకుతాయి. ఆ దూకుడులోని బలంతో ఏటీపీ తయారవుతుంది. జలవిద్యుత్ కేంద్రంలో జరిగేది కూడా ఇదే కదా.

ఎవరూ నమ్మలేదు. అనారోగ్యంతో విశ్వవిద్యాలయం వదిలిన మిచెల్, ఇంగ్లండు నైరుతి మూలన కార్న్‌వాల్‌లో ఒక పాత భవంతిని బాగుచేయించి, జెనిఫర్ మోయిల్‌తో కలిసి అక్కడే ప్రయోగాలు సాగించాడు. 1978 నోబెల్ రసాయన బహుమతి ఆ భవంతికే నడిచి వచ్చింది.

ఆయన మాటకు ఒక విషాదకరమైన సాక్ష్యం అంతకు ముందే ఉంది. 1930 దశకంలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బరువు తగ్గే మందుగా వేలాదిమంది మింగారు. బరువు నిజంగానే తగ్గేది. కొందరికి ఒళ్ళు కాలిపోయేంత జ్వరం వచ్చి ప్రాణం పోయేది, కొందరికి కళ్ళలో శుక్లాలు వచ్చేవి. 1938లో అమెరికా ప్రభుత్వం దాన్ని మనుషుల వాడకానికి తగదని తేల్చింది. అది చేసే పనేమిటో మిచెల్ సిద్ధాంతం విప్పి చెప్పింది. అది ఆనకట్టకు బొక్కలు పెడుతుంది. ప్రోటాన్లు తూముగుండా పోకుండా కారిపోతాయి. అన్నం ఖర్చవుతూనే ఉంటుంది, చిల్లర మాత్రం తయారు కాదు, శక్తంతా వేడైపోతుంది. జఠరాగ్ని నిజంగానే అగ్నిగా మారితే ఏమవుతుందో ఆ అభాగ్యులు అనుభవించారు. మనం బతికి ఉన్నది ఒంట్లో మంట ఉన్నందువల్ల కాదు. ప్రతి క్షణం ఆ మంట రాజుకోకుండా ఆపుకుంటున్నందువల్ల.

ఆ తూము ఒక చక్రంలా తిరుగుతుందని పాల్ బోయర్ ఊహించాడు. జాన్ వాకర్ బృందం 1994లో దాని నిర్మాణం చూపింది. 1997లో జపాన్ పరిశోధకులు ఆ చక్రపు ఇరుసుకు వెలుగులీనే ఒక పోగును తగిలించి, అది గిరగిరా తిరగడాన్ని సూక్ష్మదర్శిని కింద చిత్రీకరించారు. అదే ఏడు బోయర్, వాకర్‌లకు నోబెల్ వచ్చింది.

నాణెం మీద పేరు

సుబ్బారావుగారికి ఏ నోబెలూ రాలేదు. హార్వర్డులో స్థిరమైన పదవి దక్కక 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, రక్తపు క్యాన్సరు మీద తొలిసారి పనిచేసిన ఎమినోప్టెరిన్, ఆరియోమైసిన్ వెలువడ్డాయి. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం అక్కరకొచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అదే ఏడు అలెగ్జాండర్ టాడ్ బృందం ఏటీపీని ప్రయోగశాలలో సంశ్లేషించింది. అదే ఏడు కెనెడీ, లెనింజర్ ఆ నాణెం ముద్రించే టంకశాలను కనుగొన్నారు. తరువాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో మన తపాలాశాఖ బిళ్ళ విడుదల చేసింది.

గౌరవాల జాబితా పెంచడం కోసం ఇదంతా రాయలేదు. మనం ఆయన్ను తలచుకున్నప్పుడల్లా అన్యాయం జరిగిందని వాపోతాం. అది నిజం కావచ్చు. కానీ ఆ వాపోవడంలో ఆయన పని కనుమరుగవుతోంది. రెండున్నర ఔన్సుల మంచు, కనబడకుండా పోయిన ఫాస్ఫేటు, మాయమై తిరిగొచ్చే నల్లచారలు, ఎంత వెతికినా దొరకని మధ్యవర్తి. ప్రతిసారీ లెక్క కుదరని చోట ఎవరో ఒకరు ఆగారు. వారి వరుసలో, గాజు గొట్టంలో నీలం ఎందుకు ఆలస్యమవుతోందని ఆగిన ఒక తెలుగువాడున్నాడు. పదో తరగతి పిల్లలకు ఏటీపీ అన్న మూడక్షరాలు చెప్పేటప్పుడు ఆ ఆలస్యం కథ కూడా చెబితే, పరీక్ష గొట్టంలో ఊహించని రంగు కనబడిన రోజున ఆ పిల్లల్లో ఒకరైనా దాన్ని పారబోయకుండా కాసేపు చూస్తారేమో.